ఒకే పంక్తిన కూర్చునే హక్కు కోసం: మార్టిన్ లూథర్ కింగ్ జీవితం

1965 జనవరి 27వ తేదీ రాత్రి, అమెరికాలోని జార్జియా రాష్ట్ర రాజధాని అట్లాంటాలో, డింక్లర్ ప్లాజా హోటల్‌లో జరిగిన విందుకు సుమారు 1,500 మంది హాజరయ్యారు. నల్లజాతీయులు, శ్వేతజాతీయులు ఒకే శాలలో, ఒకే బల్లల చుట్టూ కూర్చుని భుజించారు. ఆ నగరంలో అంత పెద్ద ఎత్తున అటువంటి అధికారిక విందు జరగడం అదే ప్రథమం. అంతకు ముందు నెలలోనే నోబెల్ శాంతి బహుమతి స్వీకరించిన మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్‌ను ఆయన సొంత ఊరు ఆ రాత్రి సన్మానించింది. సహపంక్తి భోజనమనే మాటకు మన సమాజంలో ఉన్న బరువు తెలిసినవారికి ఆ విందు ప్రాముఖ్యం సులభంగానే బోధపడుతుంది.

కింగ్ 1929 జనవరి 15న అట్లాంటాలో జన్మించారు. మాతామహుడు, తండ్రి ఇద్దరూ అక్కడి ఎబెనెజర్ బాప్టిస్టు చర్చికి పాస్టర్లు. బాల్యంలో తనతో ఆడుకునే ఒక తెల్ల బాలుడి తల్లిదండ్రులు, బడికి వెళ్లే వయసు రాగానే ఆ స్నేహాన్ని మాన్పించడం ఆయన మనసుపై పడిన తొలి గాయం. 1944 వేసవిలో, పదిహేనేళ్ల వయసులో, ఉత్తరాదిన కనెక్టికట్ రాష్ట్రంలోని పొగాకు తోటలకు ఆయన కూలి పనికి వెళ్లారు. అక్కడి హోటళ్లలో అందరితో సమానంగా కూర్చుని తినగలగడం ఆ బాలుడిని ఆశ్చర్యపరిచింది. తిరుగు ప్రయాణంలో దక్షిణాది సమీపించాక, రైలు భోజనశాలలో నల్లవారిని తెర వెనుక కూర్చోబెట్టే పద్ధతి ఎదురైంది. ఆ తెర తన వ్యక్తిత్వం మీదనే పడినట్లు తోచిందని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నారు.

మోర్‌హౌస్ కళాశాలలో పట్టా పొందిన కింగ్, అనంతరం క్రైస్తవ మతశాస్త్రం చదివి, 1955లో బోస్టన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకున్నారు. అప్పటికే అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో పాస్టరుగా కుదురుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో బస్సులో సీటు వదులుకోవడానికి నిరాకరించిన రోజా పార్క్స్‌ను అరెస్టు చేయగా, నల్లజాతీయులు 381 రోజుల పాటు నగర బస్సులను బహిష్కరించారు. ఆ ఉద్యమానికి సారథి అయిన కింగ్ ఇంటిపై బాంబు పడింది. అయినా ప్రతీకారం వద్దని ఆయన అనుచరులను శాంతింపజేశారు. చివరకు బస్సులలో వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని న్యాయస్థానం తేల్చింది.

గాంధీజీ మార్గాన్ని దగ్గరగా చూడాలన్న కోరికతో 1959 ఫిబ్రవరిలో కింగ్ దంపతులు భారతదేశానికి వచ్చి సుమారు నెల రోజులు పర్యటించారు. ఢిల్లీలో ప్రధాని నెహ్రూ వారికి విందు ఇచ్చారు. కేరళలో ఒక పాఠశాలను సందర్శించినప్పుడు, ప్రధానోపాధ్యాయుడు తనను అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడిగా విద్యార్థులకు పరిచయం చేశాడని కింగ్ తదనంతరం వివరించారు. మొదట నొచ్చుకున్నా, తన దేశంలోని నల్లవారి స్థితిని తలచుకున్నాక ఆ మాట సత్యమేనని ఆయన అంగీకరించారు.

1960లో ఆయన అట్లాంటాకు తిరిగి వచ్చారు. ఆ ఏడాది అక్టోబరు 19న, రిచ్స్ అనే పెద్ద దుకాణంలోని భోజనశాలలో తమకూ వడ్డించాలని కోరుతూ విద్యార్థులతో కలిసి బైఠాయించినందుకు పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. తక్కినవారిని విడిచిపెట్టినా, వాహన లైసెన్సుకు సంబంధించిన పాత కేసును సాకుగా చూపి న్యాయమూర్తి ఆయనకు నాలుగు నెలల కఠిన శిక్ష విధించారు. అప్పటి అధ్యక్ష అభ్యర్థి జాన్ కెనడీ కింగ్ భార్య కొరెట్టాకు ఫోన్ చేసి సానుభూతి తెలిపారు. కొద్ది రోజులకే కింగ్ విడుదలయ్యారు. మరుసటి ఏడాది నగరంలోని దుకాణాల భోజనశాలలు నల్లవారికి తలుపులు తెరిచాయి.

1963లో బర్మింగ్‌హామ్ నిరసనలు, వాషింగ్టన్ మహా ప్రదర్శన దేశాన్ని కదిలించాయి. 1964 జులై 2న పౌరహక్కుల చట్టం అమలులోకి వచ్చి, హోటళ్లలో వర్ణవివక్షను నిషేధించింది. అయినా అట్లాంటాలోనే లెస్టర్ మాడక్స్ అనే హోటల్ యజమాని నల్లవారికి వడ్డించడం కన్నా హోటల్ మూసివేయడమే మేలనుకున్నారు. 1967లో ఆయనే జార్జియా గవర్నర్ అయ్యారు. చట్టం మారినంత త్వరగా మనసులు మారలేదు.

అట్లాంటా విందు కూడా సునాయాసంగా జరగలేదు. మోర్‌హౌస్ అధ్యక్షుడు బెంజమిన్ మేస్, పత్రికా సంపాదకుడు రాల్ఫ్ మెక్‌గిల్, యూదు మతగురువు జేకబ్ రోత్‌షీల్డ్, కేథలిక్ ఆర్చిబిషప్ పాల్ హాలినన్ పూనుకున్నా, నగరంలోని వ్యాపారవర్గం తొలుత ముఖం చాటేసింది. మేయర్ ఇవాన్ అలెన్ చొరవకు కోకా కోలా సంస్థ పెద్దల మద్దతు తోడయ్యాకే టికెట్లన్నీ అమ్ముడయ్యాయి. విందుకు తొమ్మిది రోజుల ముందు, సెల్మా పట్టణంలో శ్వేతజాతీయులకే పరిమితమైన హోటల్‌లో దిగిన కింగ్‌పై ఒక వ్యక్తి చేయి చేసుకున్నాడు. విందు ముగిసిన అయిదో రోజున అదే సెల్మాలో, ఓటు హక్కు ఉద్యమంలో ఆయన మళ్లీ జైలుకు వెళ్లారు. ఆ పోరాటం ఫలితంగా ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది.

పక్కపక్కన కూర్చుని తినే హక్కు దక్కినా, ఆ భోజనం కొనుక్కునే స్థోమత లేకపోతే ప్రయోజనమేమిటన్నది కింగ్ చివరి సంవత్సరాల ప్రశ్న. షికాగో మురికివాడల సమస్యను చేపట్టి, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు పలువురు పాత మిత్రులు ఆయనకు దూరమయ్యారు. 1968లో మెంఫిస్ నగరంలో సమ్మె చేస్తున్న సుమారు 1,300 మంది నల్లజాతి పారిశుద్ధ్య కార్మికులకు అండగా వెళ్లారు. ఏప్రిల్ 4 సాయంత్రం, స్థానిక పాస్టరు ఇంట భోజనానికి బయలుదేరుతూ లొరైన్ మోటెల్ బాల్కనీలో నిలుచున్నప్పుడు తుపాకీ గుండుకు బలయ్యారు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్లు.

1986 నుంచి అమెరికాలో జనవరి మూడో సోమవారం ఆయన పేరిట జాతీయ సెలవుదినం. ఫిబ్రవరి నల్లజాతి చరిత్ర మాసం. ఆ రోజుల్లో అనేక ఊళ్లలో చర్చిలు, విశ్వవిద్యాలయాలు, పౌరసంఘాలు అన్ని జాతులవారినీ ఒకచోట చేర్చి విందులు ఏర్పాటు చేస్తాయి. కింగ్ జీవితం తెలిసినవారికి అవి కేవలం వేడుకలు కావు. తెర వెనుక కూర్చోబెట్టిన కాలాన్ని గుర్తు చేసుకోవడం వాటిలో ఒక భాగం. పక్కన కూర్చున్న మనిషి మరునాడు ఏ ఇంటికి, ఏ పనికి, ఏ జీతానికి వెళ్తున్నాడని అడగడం రెండో భాగం. మెంఫిస్‌కు ఆయనను తీసుకువెళ్లింది ఈ రెండో ప్రశ్నే.