శ్రీ గాడిచర్ల హరిసర్వోత్తమరావు

శ్రీ హరిసర్వోత్తమరావుగారు 1883వ సంవత్సరమున కర్నూలులో జన్మించిరి. వారి పూర్వులు మన కడప మండలమందలి సింహాద్రిపురము వారు. పేదరికముతో పెనగులాడి కర్నూలు, గుత్తి, నంద్యాలలయందు చదివి, 1906లో మదరాసున ఎం.ఏ. పట్టము పొందిరి. ఆ దినములలో ఎం.ఏ. చదివినవానికి సర్కారు కొలువు ముంగిట నిలిచినట్లే. ఆ కొలువును వారు చేజేతుల వదలుకొనిరి.

ఉపాధ్యాయ శిక్షణకై వారు రాజమహేంద్రవరమున నుండగా, 1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాలుగారు వచ్చి ఉపన్యసించిరి. విద్యార్థులు వందేమాతర పతకములు ధరించి కళాశాలకు వచ్చిరి. ప్రిన్సిపాలు మార్కు హంటరు దొర కోపించి హరిసర్వోత్తమరావుగారిని వెడలగొట్టెను.

పిమ్మట బెజవాడనుండి ‘స్వరాజ్య’ యను వారపత్రికను నడపిరి. 1908లో తిరునల్వేలి ప్రజలపై జరిగిన కాల్పులను గర్హించుచు, పరదేశ ప్రభుత్వమును క్రూరమైన పులితో పోల్చి వ్రాసిరి. వ్రాత ఘాటైనదే, కాని తుపాకి గుండుకంటె ఘాటైనది కాదుగదా! రాజద్రోహ నేరము మోపబడెను. క్రింది న్యాయస్థానము ఆరునెలల శిక్ష వేసెను. అది చాలదని దొరతనమువారు అప్పీలు చేయగా, హైకోర్టు దానిని మూడేండ్లకు పెంచెను. ఆంధ్రదేశమున తొలి రాజకీయ ఖైదీ వీరేయని ప్రసిద్ధి.

స్వతంత్రమైన అమెరికాలోను ఇట్టి శాసనమొకటి పుట్టినది. 1798లో ఆడమ్సు అధ్యక్షుడుగా నుండగా, కేంద్ర ప్రభుత్వమును నిందించిన పత్రికాకర్తలను చెరలో నుంచిరి. మాథ్యూ లయన్ అను శాసనసభ్యునికి నాలుగు నెలల శిక్ష పడగా, చెరలో నుండగనే ప్రజలు ఆయనను తిరిగి ఎన్నుకొనిరి. 1801లో ఆ శాసనము గడువు తీరి పోయినది. అచ్చటి జనులకు ఓటుండెను. 1870లో రాజద్రోహపు సెక్షను చేసిన దొరలను దింపుటకు మనవారికి ఏ ఓటును లేకుండెను.

వేలూరు చెరసాలలో వారిని బందిపోట్ల సరసన నుంచి సంకెళ్లు తగిలించిరి. విడుదలయైన వెనుక అన్నము పెట్టుటకును కొందరు భయపడిరట. దేహబాధకంటె ఇదియే వారిని ఎక్కువ నొప్పించి యుండును.

అయినను వారు జనులపై అలుగలేదు. చదువురానివాని భయము చదువుతోనే పోవలెనని కాబోలు, వయోజనవిద్యకును గ్రంథాలయోద్యమమునకును కాలము ధారపోసిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు 1914లో నెలకొల్పిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు చిరకాలము అధ్యక్షులై, పల్లెపల్లెకు పుస్తకము చేరుటకై శ్రమించిరి. 1948లో మదరాసు రాష్ట్రమున గ్రంథాలయ చట్టము వచ్చుట చూచి సంతసించిరి. 1960 ఫిబ్రవరి 29న కీర్తిశేషులైరి. విజయవాడలో ఆ సంఘపు భవనమునకు సర్వోత్తమ భవనమని వారి పేరే పెట్టిరి.