లెక్కల మేష్టార్లకు మేష్టారు

మన గణితశాఖ మిత్రులకొక తమాషా. ఫెలిక్స్ క్లైన్ పుట్టిన తేదీ 25-4-1849. అంటే 5, 2, 43 – మూడు ప్రధాన సంఖ్యల వర్గాలు! పుట్టింది జర్మనీలోని డ్యూసెల్డార్ఫ్‌లో. 23 ఏళ్ళకే ఎర్లాంగెన్‌లో ప్రొఫెసరయ్యాడు. 1882లో ప్వాంకరేతో పోటీపడి, ఒళ్ళు మరిచి పనిచేసి ఆరోగ్యం చెడగొట్టుకున్నాడు. పరిశోధన మళ్ళీ మునుపటిలా సాగలేదు.

నాకు నచ్చేది ఆ తర్వాతి క్లైనే. 1886లో గొటింగెన్ చేరాడు. యూనివర్సిటీకొచ్చిన కుర్రాడికి బడిలెక్కలతో పని ఉండదు; వాడే మేష్టారయ్యాక యూనివర్సిటీ చదువు అటకెక్కుతుంది, తనకి చెప్పిన పాఠమే తిరిగి అప్పజెప్తాడు. ఈ రెండు తెగుళ్ళనీ పట్టుకున్నవాడు క్లైన్. (ఎమ్మెస్సీ చేసి హైస్కూలుకెళ్ళిన మా సీనియర్లు చెప్పేదీ ఇదే!) మేష్టార్లకి సెలవుల్లో తరగతులు నడిపించాడు. కాలిక్యులస్ బడిలోకి రావాలని 1905లో మెరాన్ సంస్కరణల ద్వారా పట్టుబట్టాడు. 1908లో రోములో ఏర్పడ్డ అంతర్జాతీయ గణితబోధన సంఘానికి తొలి అధ్యక్షుడయ్యాడు.

కాబోయే మేష్టార్లకి ఆయన చెప్పిన పాఠాలు అప్పుడే పుస్తకంగా వచ్చాయి. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనమెందుకు? పిల్లాడు నిలదీస్తే మనలో ఎందరం చెప్పగలం? అది నిరూపణకి లొంగదనీ, దొంగ నిరూపణతో పిల్లల్ని మభ్యపెట్టొద్దనీ, ఉదాహరణలతో ఆ నియమం సబబని ఒప్పించమనీ ఆయన చెప్పాడు. మొదటి ప్రపంచయుద్ధపు రోజుల్లో, జబ్బుతోనే, ఇంట్లో కొద్దిమందిని కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్పాడు. 1925 జూన్ 22న గొటింగెన్‌లోనే పోయాడు.