చల్లటి ఇంజనులో నిప్పు పుట్టించిన రుడాల్ఫ్ డీజిల్

మనలో చాలామందికి డీజిల్ అంటే బంకులో లీటర్ల లెక్కన పోయించుకునే నూనె. అది ఒక మనిషి ఇంటిపేరని, ఆ మనిషి యాభై అయిదేళ్ళ వయసులో ఒక రాత్రి ఓడమీద నుంచి మాయమైపోయారని సర్వీసులో ఉన్నంతకాలం మనకు ఎవరూ చెప్పలేదు. చెప్పే తీరికా, వినే తీరికా ఉండేవి కావు. ఈ ప్రత్యేక సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. గ్యారేజీలో పనిచేసిన సోదరులకు బాగా తెలిసిన ఒక బాధ గురించి కూడా ఇందులోనే చెప్పుకోక తప్పదు. చలికాలం తెల్లవారుజామున మొదటి ట్రిప్పు బండి ఎంత సెల్ఫు కొట్టినా అందుకోకపోవడం! ఆయన యౌవనమంతా ధారపోసింది సరిగ్గా ఆ చిక్కు విప్పడానికే.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి థియొడోర్ తోలు సామాను తయారుచేసుకుని బతికే చేతిపనివాడు. సంసారం ఇరుకుగానే గడిచేది. పిల్లవాడికి ఆటలకన్నా పారిస్‌లోని యంత్రాల మ్యూజియం అంటే మక్కువ. 1870లో ఫ్రాన్సుకీ ప్రష్యాకీ యుద్ధం వచ్చింది. జర్మన్లను పారిస్‌లో ఉండనివ్వలేదు. కుటుంబం లండన్ చేరింది. అక్కడా పూట గడవక, పన్నెండేళ్ళ కుర్రవాణ్ణి ఒంటరిగా జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు, బంధువుల ఇంటికి పంపేశారు. అదృష్టం కొద్దీ ఆ ఇంటి పెద్ద లెక్కల మాస్టారు. కుర్రవాడు అక్కడి పారిశ్రామిక పాఠశాలలో చదివి, 1875లో స్కాలర్‌షిప్పుతో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరారు. చివరి పరీక్షల వేళకు టైఫాయిడ్ తగిలి ఆ ఏడు రాయలేకపోయారు. తరువాత 1880 జనవరిలో రాసి అత్యున్నత శ్రేణిలో నెగ్గారు.

ఆగ్స్‌బర్గ్ పాఠశాలలో ఆయన చూశారని చెప్పే ఒక చిన్న వస్తువు ఉంది. సైకిలు పంపు లాంటి గొట్టం, లోపల పిస్టన్. అడుగున చిటికెడు దూది. పిస్టన్‌ను ఒక్క ఊపున లోపలికి కొడితే గాలి నలిగి వేడెక్కి దూది అంటుకుంటుంది. అగ్గిపుల్ల లేదు, దీపం లేదు. ఆగ్నేయాసియాలో జనం ఇలాంటి గొట్టాలతోనే నిప్పు చేసుకునేవారు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం చెయ్యి కాలడం మనందరికీ అనుభవమే. డీజిల్ ఇంజను గుట్టంతా ఆ వేడిలోనే ఉంది.

మ్యూనిక్‌లో ఆయన గురువు కార్ల్ ఫాన్ లిండే. శీతల యంత్రాలకు పేరుమోసిన ప్రొఫెసరు. ఆవిరి ఇంజను తిన్న బొగ్గులో పదో వంతు శక్తి కూడా పనికి రాదని, తక్కినది వృథా అని ఆయన పాఠంలో చెప్పిన మాట శిష్యుడి మనసులో నాటుకుపోయింది. చదువయ్యాక శిష్యుడు గురువుగారి మంచు యంత్రాల వ్యాపారంలోనే పారిస్‌లో ఉద్యోగానికి కుదిరారు. 1883లో మార్తా ఫ్లాషెను పెళ్ళాడారు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పదేళ్ళ పైచిలుకు పగలు ఐసు తయారీ, తీరిక వేళల్లో వేడి ఇంజను ఆలోచన! అమ్మోనియా ఆవిరితో ఒక ఇంజను చేయబోయి ఏళ్ళతరబడి కష్టపడి వదిలేశారు. 1890లో బెర్లిన్‌కు మకాం మార్చారు. 1892 ఫిబ్రవరిలో కొత్త ఇంజనుకు పేటెంటు దరఖాస్తు పెట్టారు. మరుసటి ఏడు అది చేతికి వచ్చింది.

కాగితం మీద ఇంజను బ్రహ్మాండంగా ఉంది. గాలిని 250 అట్మాస్ఫియర్ల దాకా నొక్కాలని మొదట రాసుకున్నారు. అంత ఒత్తిడికి ఆగే ఇనుము ఏదని పెద్దలు నవ్వారు. ఆయనే లెక్క తగ్గించుకున్నారు. ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం అధిపతి హైన్రిఖ్ బుజ్ ధైర్యం చేసి చోటు ఇచ్చారు. క్రుప్ కంపెనీ డబ్బు కలిపింది.

1893 వేసవిలో మొదటి ఇంజను నిలబడింది. దానంతట అది తిరగలేదు. కర్మాగారం షాఫ్టు నుంచి బెల్టు వేసి తిప్పారు. అనుకున్న ఒత్తిడి రాలేదు. పిస్టన్ పక్కనుంచి, వాల్వుల దగ్గర గాలి కారిపోయేది. ఆగస్టు 10న ఇంధనం లోపలికి కొట్టగానే పెద్ద చప్పుడుతో పేలింది. ఒత్తిడి కొలిచే సాధనం ముక్కలై ఎగిరింది. ఇంజను పనిచేయలేదు గానీ, నొక్కిన గాలి వేడికే ఇంధనం అంటుకుంటుందని మాత్రం రుజువైంది. మళ్ళీ విప్పారు, మళ్ళీ బిగించారు. 1894 ఫిబ్రవరి 17న ఇంజను తన బలంతో తాను సుమారు ఒక నిమిషం తిరిగింది. వేగం నిమిషానికి 88 చుట్లు. అంతవరకు ఇంజనును లాగుతున్న బెల్టును ఇప్పుడు ఇంజనే లాగుతున్నదని కనిపెట్టిన పనివాడు మాట లేకుండా టోపీ తీశాడని చెబుతారు.

సోదరులు ఒక సంగతి గమనించాలి. 1893లో ఆయనను ఏడిపించినవే ఈనాటికీ చలిలో మన ఇంజనును ఏడిపిస్తాయి. పెట్రోలు బండికి ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తుంది. డీజిల్‌కు ఆ వసతి లేదు. గాలిని పదహారు మొదలు ఇరవై రెండో వంతు దాకా కుదిస్తే అయిదారు వందల డిగ్రీల వేడి పుట్టాలి, ఆ వేడికి నూనె తుంపర అంటుకోవాలి. రాత్రంతా చల్లబడిన సిలిండరు గోడలు ఆ వేడిని తాగేస్తాయి. చలికి ఇంజనాయిలు చిక్కబడి క్రాంకు బరువెక్కుతుంది, బ్యాటరీ సత్తువ తగ్గుతుంది. మెల్లగా తిరిగే కొద్దీ గాలి కారిపోవడానికీ, వేడి గోడల్లోకి పోవడానికీ వ్యవధి ఎక్కువ. కనుక వెతకడం మొదలుపెట్టవలసింది నాజిళ్ళ దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర. టెర్మినళ్ళు, ఎర్తు తీగ, తరువాత సెల్ఫు మోటారు. ఇంజను చురుగ్గా తిరగడం లేదంటే ముందు ఆ పని చూడాలి. చాలా బళ్ళకు రోగం అక్కడితోనే తీరిపోతుంది. పంపు విప్పేసిన తరువాత బ్యాటరీ క్లాంపు వదులని తేలిన సందర్భాలు ఏ గ్యారేజీలో లేవు?

సెల్ఫు బాగా తిప్పుతున్నా అందుకోకపోతే, అప్పుడు సైలెన్సరు వైపు చూడాలి. పొగ బొత్తిగా లేకపోతే నూనె సిలిండరుకు అందడం లేదని అర్థం. ఫీడ్ పంపు మీది చేతి ప్రైమర్ నాలుగుసార్లు కొట్టగానే స్టార్టయిందంటే, రాత్రి ఎక్కడో గాలి చొరబడి నూనె వెనక్కి ట్యాంకులోకి జారిపోయిందన్నమాట. పైపు జాయింట్లు, వాషర్లు, ఫిల్టరు సీలు, ఫీడ్ పంపు వాల్వు చూసుకోవాలి. ఊరికే రోజూ ప్రైమర్ కొట్టి బండి పంపించేయడం రోగాన్ని దాచుకోవడమే.

తెల్లపొగ గుప్పుమంటూ ఇంజను అందుకోకపోతే కథ వేరు. నూనె వస్తున్నది, అంటుకునే వేడి చాలడం లేదు. హీటర్ ప్లగ్గులున్న ఇంజనైతే ముందు వాటిని అనుమానించాలి. ప్లగ్గు తీగ విప్పి, టెస్టు లాంపు ఒక కొసను బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొసను ప్లగ్గు తలకు ఆనిస్తే లాంపు వెలగాలి. వెలగని ప్లగ్గు పోయినట్లే. ఒక్కటి పోతే ఇంజను స్టార్టయి ఒక నిమిషం వణికి, తెల్లపొగ వదిలి సర్దుకుంటుంది. అన్నీ బాగుంటే టైమింగు, నాజిళ్ళ తుంపర, ఆఖరున కంప్రెషన్. రింగులు అరిగినా, వాల్వులు సరిగా కూర్చోకపోయినా చల్లగా ఉన్నప్పుడు పెనుగులాడి, వేడెక్కాక ఏమీ ఎరగనట్లు నడుస్తుంది. పొద్దున బాగా అందుకుని వేడిమీద మొండికేసే బండికి మాత్రం చాలాసార్లు పంపులో అరుగుదల ఉంటుంది. వేడికి పల్చబడిన నూనె అక్కడ కారిపోతుంది.

పిల్లల కార్ల సంగతి కూడా ఒక ముక్క. డాష్‌బోర్డు మీద చుట్టలు తిరిగిన తీగ గుర్తు ఆరేదాకా ఆగి తాళం తిప్పమనండి. పాత ఇంజన్లలో మనం ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు వదులుచేసి ఏ సిలిండరు పనిచేయడం లేదో కనిపెట్టేవాళ్ళం. నేటి కామన్ రైలు ఇంజను మీద ఆ పని ఎన్నడూ చేయకూడదు. అందులో నూనె ఒత్తిడి వెయ్యి అట్మాస్ఫియర్లు దాటుతుంది, చర్మం చీల్చుకుపోతుంది. హీటర్ ప్లగ్గులున్న ఇంజనులోకి ఈథర్ స్ప్రే కొట్టడమూ ప్రమాదమే. ఆయిల్ చాంబరు కింద మంట పెట్టే అలవాటు గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆయన కథకు వద్దాం. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ మూడో ఇంజనును అధికారికంగా పరీక్షించారు. నూనెలోని శక్తిలో 26.2 శాతం పనిగా మారిందని తేలింది. ఆవిరి ఇంజన్లు నివ్వెరపోయే లెక్క అది. దేశదేశాల కంపెనీలు హక్కుల కోసం వచ్చాయి. అమెరికా హక్కులు పది లక్షల మార్కులకు అమ్ముడయ్యాయి. మ్యూనిక్‌లో భవంతి వెలిసింది. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు. వేరుశనగ పండించే మన సీమ రైతులకు ఈ ముక్క చెబితే సంతోషిస్తారు. మొక్కల నూనెలకు ముందు ముందు ప్రాముఖ్యం వస్తుందని ఆయన 1912లో కూడా అన్నారు.

బయటికి ఇంత వైభవం. లోపల మనిషి నలిగిపోయారు. తొలి రోజుల్లో అమ్మిన ఇంజన్లు కొన్నవారి దగ్గర తరచు చెడిపోయాయి. పేటెంటు తగాదాలు వచ్చాయి. 1898లో నరాల బలహీనతతో శానటోరియంలో చేరవలసి వచ్చింది. స్థలాల వ్యాపారంలో, ఇతర పెట్టుబడుల్లో డబ్బు కరిగిపోయింది. అన్నిటికన్నా బాధించింది తోటి ఇంజనీర్ల మాట. పేటెంటులో రాసిన ఇంజను వేరు, నడిచిన ఇంజను వేరు, నడిపించింది ఆగ్స్‌బర్గ్ కర్మాగారం, పేరు మాత్రం డీజిల్‌కు అని కొందరు ప్రొఫెసర్లు బాహాటంగా అన్నారు. ఇంగ్లండులో అక్రాయిడ్ స్టువర్ట్ 1890లోనే నూనె ఇంజనుకు పేటెంటు తీసుకున్నారని మరికొందరు ఎత్తిచూపారు. అందులో నిజం లేకపోలేదు. కానీ స్టువర్ట్ ఇంజనుకు మొదట బయటి దీపంతో తల కాల్చి వేడిచేయాలి. పూర్వం రైసు మిల్లుల్లో బ్లో లాంపు పెట్టి వేడెక్కించిన ఇంజన్లు చూసినవారికి ఆ కష్టం తెలుసు. బయటి మంట లేకుండా, చల్లటి ఇనుములో నలిగిన గాలి వేడి ఒక్కదానితో నూనెను అంటించి చూపింది డీజిల్. కాగితం మీది లెక్క తప్పినా, నాలుగేళ్ళు ఆ ఇంజను పక్కన నిలబడి దాన్ని నడిచేట్టు చేసినవాడికి ఆ పేరు దక్కడం న్యాయమేనని ఈ రచయిత అభిప్రాయం.

1913 సెప్టెంబరు 29 సాయంత్రం ఆయన ఆంట్‌వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కారు. ఇంగ్లండులో ఒక ఇంజన్ల కంపెనీ పని మీద ప్రయాణం. డీజిల్ ఇంజనుతో సముద్రాలు దాటే పెద్ద ఓడ సెలాండియా అంతకు ముందు ఏడాదే తొలి ప్రయాణం చేసింది గానీ, ఆ రాత్రి ఆయన ఎక్కినది ఆవిరి ఓడే. ఇద్దరు మిత్రులతో భోజనం చేసి, పొద్దున ఆరుంబావుకు లేపమని చెప్పి రాత్రి పదింటికి గదికి వెళ్ళారు. పొద్దున గదిలో మనిషి లేరు. పక్క నలగలేదు. డెక్కు మీద టోపీ, కోటు మడిచి ఉన్నాయి. పది రోజుల తరువాత డచ్చి పడవవాళ్ళకు సముద్రంలో ఒక శవం కనబడింది. జేబులోని కళ్ళజోడు పెట్టె, మాత్రల డబ్బీ వంటివి తీసుకుని శవాన్ని నీటికే వదిలేశారు. ఆ వస్తువులు తండ్రివేనని చిన్న కొడుకు ఆయిగెన్ గుర్తించారు.

ప్రయాణానికి ముందు ఆయన భార్యకు ఒక సంచి ఇచ్చి వారం దాకా తెరవవద్దన్నారట. తెరిస్తే 20,000 మార్కుల నగదు, బ్యాంకులో దాదాపు ఏమీ మిగలలేదని చూపే కాగితాలు ఉన్నాయి. ఆత్మహత్య అన్నారు. యుద్ధం ముంచుకొస్తున్న రోజులు కాబట్టి హత్య అన్నవారూ ఉన్నారు. ఏదీ తేలలేదు. మార్తాగారికి మిగిలినవి అప్పులు.

ఆయనకు సమాధి లేదు. చిన్న డీజిల్ ఇంజన్లతో పైకి వచ్చిన జపాన్ పారిశ్రామికవేత్త, యాన్మార్ కంపెనీ స్థాపకుడు యమయోక మాగొకిచి 1957లో ఆగ్స్‌బర్గ్ పార్కులో ఆయన పేర ఒక స్మృతివనం కట్టించారు. అందులోని రాళ్ళు జపాన్ నుంచి వచ్చినవి.