పర్లాకిమిడి పంతులుగారు



పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో 14వ అధ్యాయము మీరందరు ఎరిగినదే. వినువానికి తెలియని భాషలో ఎంత మాటలాడినను వానికి మేలు కలుగదని అపొస్తలుడు అక్కడ సంఘమునకు బోధించెను. ఆ అధ్యాయము చదివినప్పుడెల్ల మన శ్రీకాకుళము ప్రాంతమున పుట్టిన ఒక బడిపంతులుగారు నాకు జ్ఞాపకము వచ్చుచుందురు. ఆయన మన సంఘస్థులు కారు, బ్రాహ్మణ కుటుంబమువారు. అయినను పిల్లవానికి తెలిసిన భాషలోనే చదువు చెప్పవలెనని పోరాడి, ఆ పోరాటములోనే ముసలివారైన మనిషి గనుక, ఆయన కథ మన పల్లెలలో తెలియుట మంచిదని తలంచితిని. ఆయనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, శ్రీముఖలింగమునకు దాపున వంశధార ఒడ్డుననున్న పర్వతాలపేటలో ఆయన జన్మించిరి. తండ్రి వీరరాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రిగారిది రెవెన్యూ ఉద్యోగము. ఆయనకు చోడవరము బదిలీ అయినది, అక్కడనే 1875లో మరణించిరి. అప్పటికి పిల్లవానికి పండ్రెండేండ్లు. బంధువుల అండ చూచుకొని విజయనగరము వచ్చి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరిరి. కన్యాశుల్కము వ్రాసిన గురజాడ అప్పారావుగారు కూడ ఆ బడిలోనే చదివిరి. అక్కడ కలిసిన స్నేహము తుదివరకు నిలిచినది.

ఆ దినములలో బడిలో ఇంగ్లీషు చదువు ఎట్లుండెనో కొంచెము చెప్పవలెను, తరువాతి సంగతియంతయు దానిమీదనే నిలిచియున్నది. పై తరగతులలో చరిత్ర ఇంగ్లీషులో, భూగోళము ఇంగ్లీషులో, లెక్కలు కూడ ఇంగ్లీషులోనే. మెట్రిక్యులేషను పరీక్షలో జవాబు ఇంగ్లీషులోనే వ్రాయవలెను. ఆ భాష పలుకు ఇంగ్లీషువానిని చాలమంది పిల్లలు కన్నులార చూచియుండరు. రీడరు తెరచి ఒక వాక్యము చదువుట, ప్రతి మాటకు తెలుగు అర్థము చెప్పుకొనుట, ఆ అర్థములు కంఠస్థము చేయుట, వ్యాకరణ సూత్రములు వల్లించుట: ఇదే పాఠము. పిల్లవాడు చూచి చదువగలడు, అర్థములు అప్పజెప్పగలడు. కాని దొరగారు ఎదురుపడి నీ పేరేమని అడిగినచో నోరు పెగలదు, తనంత తాను నాలుగు వాక్యములు కూర్చి ఒక ఉత్తరము వ్రాయలేడు. నేను చదివిన పల్లెబడిలో కూడ చాల ఏండ్ల తరువాత ఇదే వరస. అర్థముల పుస్తకము లేనివాడు తరగతిలో చెవిటివానితో సమానము.

అట్టి చదువులో నెగ్గి రామమూర్తిగారు 1879లో మెట్రిక్యులేషను గెలిచిరి. మరుసటి సంవత్సరము పర్లాకిమిడి రాజావారి బడిలో ఫస్టుఫారము పిల్లలకు చరిత్ర చెప్పు పని దొరికినది. జీతము నెలకు 30 రూపాయలు. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిషాలోని గజపతి జిల్లాలో ఉన్నది, మన పాతపట్నము దాటినచో ఎంతో దూరము లేదు. ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా ఎఫ్.ఏ., పిదప బి.ఏ. పట్టము సంపాదించిరి. ముఖలింగము గుడి గోడలమీది శాసనములు చదువుటకై ఆ పాత లిపులను ఎవరి సహాయము లేకయే నేర్చుకొనిరి. తెలియని వ్రాత కనబడినచో విడిచిపెట్టు మనిషి కారు.

ఊరి చుట్టును కొండలు. ఆ కొండలనుండి సవరలు సంతకు దిగివచ్చుచుండిరి. ఇప్పటికిని సీతంపేట సంతలో మీరు చూచుచున్నవారే. పోడు చేసుకొని, చోళ్లు కొర్రలు పండించుకొని బ్రతుకువారు. కోర్టులో నిలబడినను, షావుకారి ముందు నిలబడినను, వారి మాట ఎదుటివానికి తెలియదు, ఎదుటివాని మాట వారికి తెలియదు. నడుమనున్న దుబాసీ ఏమి చెప్పిన అదే సాక్ష్యము, అదే లెక్క. ఈ అన్యాయము పంతులుగారి కంట పడినది. సుమారు 1890 తరువాత ఆయన సవరభాష నేర్చుకొన నారంభించిరి. ఆ భాషకు లిపి లేదు, పుస్తకము లేదు. తెలుగును సవరభాషను రెండును ఎరిగిన ఒకనిని తన ఇంటనే ఉంచుకొని, వాని నోట వినుచు, వినినది వ్రాసికొనుచు నేర్చిరి. సవరభాషకు తెలుగుతో చుట్టరికము లేదు. అది ముండారి, సంతాలీల కుటుంబములోనిది. దానిలో గొంతులోనే ఆగిపోవు ధ్వనులున్నవి, మన అక్షరములకు అవి చిక్కవు. మన దేశములో ఆ కాలమున భాషాశాస్త్రము చెప్పు బడి లేదు గనుక, హెన్రీ స్వీట్, ఎస్పర్సన్ మొదలగువారి గ్రంథములు చదివి ఆ విద్యను ఇంటిలోనే అభ్యసించిరి.

భాష నేర్చి ఊరకుండలేదు. సవర పిల్లలను తన ఇంటికి తెచ్చి అన్నము పెట్టి చదువు చెప్పిరి. ఆ కాలపు ఆచారము ఎరిగినవారికి ఇది ఎంత మాటో తెలియును. సొంత సొమ్ముతో సవరలకు బడులు పెట్టించిరి. వారి కథలు, పాటలు సేకరించి, వారి భాషలోనే వాచకములు వ్రాసిరి. ప్రభుత్వమువారు ఈ పనికి బహుమానముగా ధనమియ్యబోగా తనకు వద్దని, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి పెట్టుడని కోరిరి. ఆ కొండలలో తరువాత కెనడా బాప్టిస్టు మిషనువారు చేసిన సువార్త పని మనకు తెలిసినదే. కొండవారిని వారి మాటతోనే పలుకరించవలెనను ఎరుక పర్లాకిమిడిలో ఒక బడిపంతులుకు అంతకుముందే కలిగియుండెను.

ఈ పనికి ఆయన ఇచ్చిన వెల చెవులు. అడవులలో కాలినడకన తిరిగి తిరిగి మన్యపు జ్వరమునకు పాలైరి. జ్వరమునకు క్వినైను తప్ప వేరు మందు లేదు. ఆ క్వినైను జ్వరము తగ్గించెను గాని వినికిడిని తీసికొనిపోయెను. ఎవరును వ్రాసి పెట్టని ధ్వనులను చెవితో పట్టి కాగితమున పెట్టు మనిషికి చెవులే పోయినవి. అయినను పని మానలేదు.

ఇక ఇంగ్లీషు సంగతి. 1907 ప్రాంతమున యేట్స్ అను దొరగారు ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలలకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిరి. ఇంగ్లీషును డైరెక్టు మెథడ్‌లో, అనగా తెలుగు అర్థములు చెప్పక సూటిగా ఇంగ్లీషులోనే నేర్పవలెనని ఆయన పట్టుదల. ఈ పద్ధతిలో పుస్తకము తరువాత వచ్చును. ముందు వస్తువు చేత పట్టుకొని దాని పేరు పలుకుట, తలుపు తెరచుచు తెరచుచున్నానని చెప్పుట, పిల్లవానిచేత చెప్పించుట. చెవి వినినది నోరు పలుకును, నోరు పలికినది కన్ను చదువును, కన్ను చదివినది చేయి వ్రాయును. మూడు నాలుగు వాక్యములు తడబడక చెప్పగలిగిన తరువాతనే పలక పట్టుట. తల్లి ఒడిలో బిడ్డ మాటలు నేర్చుకొను తోవ ఇదే గదా. సవరభాషను ఈ తోవనే నేర్చిన రామమూర్తిగారికి ఇది ఎంతో నచ్చినది.

అయితే యేట్స్ దొరగారికి తెలుగు నేర్చుకొనుటలో ఒక చిక్కు తగిలినది. బజారులో వినబడు తెలుగు ఒకటి, పుస్తకములో కనబడు తెలుగు మరియొకటి. ఈ తేడా ఏలయని విశాఖపట్టణములో మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజి ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడుగగా, ఆయన ఇందుకు జవాబు చెప్పగలవారు విజయనగరములో అప్పారావుగారు, పర్లాకిమిడిలో రామమూర్తిగారు అని తెలిపిరి. అడిగినవాడు ఇంగ్లీషువాడు, జవాబు వెదకబోయినవారు మనవారు. ఈ ప్రశ్న మనవారిలో ఒకరికి అంతకుముందే గట్టిగా తట్టవలసినది గాని, అలవాటు పడిన కంటికి ఇంటిలోని దుమ్ము కనబడదు.

రామమూర్తిగారికి కనబడినదేమనగా, చక్కగా నేర్పినచో ఫోర్తుఫారము పిల్లవాడు పరాయిదైన ఇంగ్లీషులో ఒక చిన్న ఉత్తరము తప్పు లేకుండ వ్రాయగలడు. ఏలయనగా ఇంగ్లీషులో చదువుకొన్నవారు పలుకునదే ఇంచుమించు వ్రాయుదురు. అదే పిల్లవాడు పుట్టినది మొదలు పలుకుచున్న తెలుగులో ఉత్తరము వ్రాయబోయినచో తప్పుల కుప్ప అగును. వచ్చాడు అని నోట పలికి వచ్చెను అని వ్రాయవలెను. దానికి తోడు ఏ వందలేండ్లనాటి కావ్యవ్యాకరణమునో పట్టి చూచి గురువుగారు ఎఱ్ఱసిరాతో కొట్టివేయుదురు. పేదవాని బిడ్డకు ఇంటిలో కావ్యములు చదివి వినిపించువారెవరు? స్కూలు ఫైనలులో తెలుగు వ్యాసమునకు మార్కులున్నవి. ఆ మార్కులు పోయినచో ఉద్యోగము పోవును. ఇంటి భాషలో ఓడిపోయినవాడు చదువుకే చాలనని తనలో తాననుకొనును. ఇది కేవలము పండితుల గొడవ కాదని మీరు గ్రహింతురు.

పద్యకావ్యములు చదువవద్దని ఆయన ఎన్నడును అనలేదు. ఆయనే గొప్ప పండితులు, పాత గ్రంథములలోని ప్రయోగములు వ్రేళ్లమీద ఉండెను. చదువుటకు కావ్యములు చదువుడు, పిల్లలను వ్రాయుటకు మాత్రము శిష్టులు పలుకు నేటి భాషలో వ్రాయనియ్యుడు, అనునదే ఆయన వాదము. 1911లో ముప్పది ఏండ్ల కొలువు విరమించి ఈ పనికే అంకితమైరి. 1913లో ప్రభుత్వము రావు సాహెబు బిరుదమిచ్చినది. ఆ దినములలోనే స్కూలు ఫైనలు తెలుగు వ్యాసమును పాతభాషలోనైనను నేటిభాషలోనైనను వ్రాయవచ్చునని అనుమతి కూడ వచ్చినది. పంతులుగారు ఎంత సంతోషించియుందురో! ఆ సంతోషము నిలువలేదు. జయంతి రామయ్య పంతులుగారు మొదలుగా పెద్ద పండితులు ఎదురు నిలిచిరి, సభలు పెట్టిరి, అర్జీలు పంపిరి. భాష చెడిపోవునని వారి భయము, ఆ భయము కపటము కాదు. 1914లో ప్రభుత్వము వెనుకకు తగ్గెను. పరీక్షలో పిల్లవాడు మరల వచ్చెను అని వ్రాయవలసినవాడే అయ్యెను.

మరుసటి సంవత్సరము, 1915లో, అప్పారావుగారు మరణించిరి. చెవులు లేవు, చేయిపట్టిన స్నేహితుడు లేడు. అయినను రామమూర్తిగారు మూటలతో పుస్తకములు మోయించుకొని ఊరూర సభలకు పోవుచునే ఉండిరి. ఎదుటివారు చెప్పునది వినబడదు గనుక కాగితముమీద వ్రాసి చూపవలెను, ఆయన చదివి జవాబు చెప్పవలెను. 1919లో తెలుగు అను పేరున పత్రిక పెట్టిరి, అది సంవత్సరము నడచి ఆగినది. ఎదిరించిన పండితులు సహితము గ్రాంథికమును తప్పు లేక వ్రాయలేకున్నారని వారి రచనలనుండియే తప్పులు ఏరి గ్రంథములు వ్రాసిరి. ఈ పనిలో ఆయన కొంచెము కటువుగానే ఉండిరని నా అభిప్రాయము. పెద్దల తప్పులు ఇంతమంది ఎదుట లెక్కపెట్టుట వారిని ఒప్పించు మార్గము కాదు. కాని పిల్లల తప్పులను లెక్కపెట్టుచున్నవారు వారే గదా అని ఆయన ఉద్దేశము కాబోలు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఈ కథ వ్రాయుచున్న నేనును ఆయన వద్దన్న చేసిరి, వచ్చిరి అను మాటలతోనే వ్రాయుచున్నాను. వేదపుస్తకపు భాష చిన్ననాటినుండి నోట నానినవారికి ఈ ధోరణి విడువదు. పంతులుగారు చూచినచో నవ్వుకొందురు, లేదా ఎఱ్ఱసిరా తీయుదురు.

సవరల పని మాత్రము మెల్లగా ఫలించుచుండెను. 1931లో మద్రాసు ప్రభుత్వమువారు ఆయన ఇంగ్లీషులో వ్రాసిన సవరభాషా గ్రంథమును అచ్చు వేయించిరి. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది. అర్థముల పుస్తకముతో ఇంగ్లీషు మొదలుపెట్టిన పిల్లవాడు, ఏ పుస్తకమును లేని ఒక జాతి భాషను ఇంగ్లీషువారు చదువునట్లు వ్రాసిపెట్టెను. ఆ 1938లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించినది.

అంతలో ఊరు మారవలసివచ్చెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిషా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరెను. తెలుగువారున్న ఆ ఊరిని అట్లు చేర్చుట ఆయనకు సమ్మతము కాలేదు. 56 సంవత్సరములు కాపురమున్న ఊరిని, డెబ్బది దాటిన వయసులో విడిచి రాజమహేంద్రవరము చేరిరి. కొడుకు సీతాపతిగారు తండ్రి పనిలో కుడిభుజముగా ఉండిరి, తరువాత తామును గొప్ప పండితులుగా పేరు పొందిరి.

1940వ సంవత్సరము జనవరి 15వ తేదీన మద్రాసులో ప్రజామిత్ర పత్రిక కార్యాలయమునకు పోయి, అక్కడ కూడిన పత్రికా సంపాదకులతో పంతులుగారు మాటలాడిరి. పత్రికలు నేటిభాషను చేపట్టినందుకు సంతోషించి, బడులు, విశ్వవిద్యాలయములు ఇంకను దానిని చేపట్టలేదని చెప్పి, ఆ పని వారు సాగింపవలెనని వేడుకొనిరి. అదే ఆయన తుది విన్నపము. ఏడు దినముల తరువాత, జనవరి 22వ తేదీన, కన్ను మూసిరి. బడి పుస్తకములలోనికి, పరీక్ష కాగితములలోనికి ఆ భాష వచ్చుటకు ఆయన పోయిన పిమ్మట మరి కొన్ని దశాబ్దములు పట్టినది. ఇప్పుడు ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినముగా బడులలో జరుపుచున్నారు. ఆ దినమున పిల్లలు వ్యాసములు వ్రాయుదురు. వచ్చాడు అని వ్రాసినను ఎవరును కొట్టివేయరు.