వెనుదిరిగిన ఖడ్గతిక్కన
ఖడ్గతిక్కన మంత్రి భాస్కరుని పౌత్రుడు, సిద్ధనామాత్యుని పుత్రుడు, తిక్కన సోమయాజికి పితృవ్యపుత్రుడు. 13వ శతాబ్దిలో నెల్లూరేలిన మనుమసిద్ధికి సేనాని. పుల్లరి చెల్లింపనన్న కాటమరాజుపై దండెత్తి, సేన నశింపగా ఇల్లు చేరెను. ఈ వృత్తాంతమును మనకందించినవి చాటుపద్యములు, కాటమరాజు కథయు.

రాజు తీర్పునకు ముందే ఇంటివారి తీర్పు వెలువడినది. స్నానమునకు భార్య చానమ్మ మంచము చాటుపెట్టి, పసుపుముద్ద యుంచి, ఆడువారికి వలె నన్నియు నమర్చినది. తల్లి విరిగిన పాలు వడ్డించినది. అవమానింప నింతకన్న నేమి కావలెను?

సేనను గోల్పోయినవాడు మరల బలము గూర్చుకొన వచ్చుట పలాయనమగునా? అపసారమును అర్థశాస్త్రము యుద్ధనీతిలోనే చేర్చినది. ఈ తీర్పు కఠినమనియే నా యభిప్రాయము. తిక్కన మాత్రము వాదింపలేదు. తిరిగి రణభూమికేగి, పోరాడి మడిసెను.