జాకిర్ సాహెబు నడిపిన రెండు విద్యాపీఠాలు

డాక్టర్ జాకిర్ హుస్సేన్ అనగానే మనకు రాష్ట్రపతి భవనమే గుర్తుకు వస్తుంది. ఆయన భారతదేశానికి మూడవ రాష్ట్రపతి, ఆ పదవి చేపట్టిన తొలి ముస్లిం అని పిల్లలకు చెప్పి ఊరుకుంటాం. నిజానికి ఆ పదవిలో ఆయన ఉన్నది రెండేళ్ళే. అంతకు ముందు దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆయన చేసిన పని రెండు విశ్వవిద్యాలయాలను నడపడం. ఒకటి సర్కారు పైసా ముట్టుకోనని ఒట్టు పెట్టుకొని పుట్టింది. రెండవది సర్కారు చట్టంతో పుట్టి, సర్కారు గ్రాంటుతో నడిచింది. బడులు పెట్టాలనీ, వాటికి గ్రాంటు తెచ్చుకోవాలనీ ఆలోచించే మనబోటి సొసైటీల వారికి ఆయన జీవితంలో ఈ భాగమే ఎక్కువ పనికి వస్తుంది. అందుకని ఈ సంచికలో దానినే కాస్త వివరంగా చెప్పుకుందాం.

జాకిర్ సాహెబు మన హైదరాబాదులోనే 1897 ఫిబ్రవరి 8న పుట్టారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు వకీలు. 1907లో తండ్రి పోవడంతో కుటుంబం సొంత ఊరైన ఖాయంగంజ్‌కు వెళ్ళిపోయింది. అది ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లాలో ఉంది. 1911లో ప్లేగు తల్లిని కూడా తీసుకుపోయింది. ఇటావా ఇస్లామియా హైస్కూలులో చదువు ముగించి, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ నెలకొల్పిన అలీగఢ్ కాలేజీలో చేరారు.

1920 నాటికి ఆయనకు ఇరవై మూడేళ్ళు. అదే కాలేజీలో ఎం.ఏ. చదువుతూ, పాఠాలు కూడా చెబుతున్నారు. ఆ సంవత్సరం అలీగఢ్‌లో కొద్ది నెలల తేడాతో రెండు సంఘటనలు జరిగాయి.

మొదటిది, కాలేజీని విశ్వవిద్యాలయంగా మార్చే చట్టం. దీని కోసం మనవాళ్ళు ఏళ్ళ తరబడి కలలు కన్నారు. ముప్ఫై లక్షల రూపాయల మూలనిధి ఉండాలని ప్రభుత్వం షరతు పెడితే, దేశం నలుమూలలా చందాలు వేసుకొని ఆ సొమ్ము కూడబెట్టారు. 1920లో చట్టం వచ్చింది. దాని ప్రకారం విశ్వవిద్యాలయానికి పెద్ద సభ కోర్టు. అంటే న్యాయస్థానం కాదు, పాలకమండలి. అందులో సభ్యులందరూ ముస్లిములే. కాని పైన వైస్రాయి లార్డ్ రెక్టర్‌గా ఉంటాడు. తనిఖీ చేయించే అధికారం ఆయనది. గవర్నరు, మంత్రులు ఉన్న విజిటింగ్ బోర్డు ఒకటి, విశ్వవిద్యాలయంలో నిబంధనలకు సరిపడని తీర్మానాలను కొట్టివేయగలదు. ఇల్లు మనదే అయినా తాళం చెవి ఒకటి సర్కారు దగ్గర ఉన్నట్టు.

రెండవది, అదే అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ రావడం. సర్కారు సాయంతో నడిచే చదువులను వదిలి రమ్మని వారు విద్యార్థులను కోరారు. చాలామంది తటపటాయించారు. జాకిర్ హుస్సేన్ బయటకు వచ్చిన వారిలో ఒకరు. 1920 అక్టోబరు 29న మౌలానా మహమూద్ హసన్ గారి చేతుల మీదుగా జామియా మిల్లియా ఇస్లామియాకు అంకురార్పణ జరిగింది. హకీం అజ్మల్ ఖాన్ గారు కులపతి, మౌలానా మహమ్మద్ అలీ ఉపకులపతి. చట్టం లేదు, గ్రాంటు లేదు. అది ఇచ్చే పట్టాకు సర్కారు గుర్తింపు కూడా లేదు.

ఇక్కడ ఒక సంగతి మనం గమనించాలి. సర్కారును వదులుకున్నంత మాత్రాన జామియాకు పూర్తి స్వేచ్ఛ దొరకలేదు. మొదట్లో దాన్ని పోషించింది ఖిలాఫత్ ఉద్యమం. 1924లో ఖిలాఫత్ పోయింది, ఉద్యమం చల్లారింది, డబ్బు ఆగింది. సంస్థను మూసేద్దామనే మాట గట్టిగా వచ్చింది. జామియా కోసం తాను జోలె పట్టడానికైనా సిద్ధమని గాంధీజీ ధైర్యం చెప్పారు. 1925లో దాన్ని ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు తరలించారు.

అప్పుడు జాకిర్ సాహెబు బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు చేస్తున్నారు. తాము వచ్చేదాకా మూయవద్దని అక్కడి నుంచే కబురు పంపారు. 1926లో మిత్రులు ఆబిద్ హుస్సేన్, మహమ్మద్ ముజీబ్ గార్లతో తిరిగి వచ్చి, ఇరవై తొమ్మిదవ ఏట జామియా ఉపకులపతి అయ్యారు. మరుసటి ఏడాది డిసెంబరులో హకీం సాహెబు కన్నుమూశారు. ఉన్న ఒక్క అండా పోయింది.

అప్పుడు ఉపాధ్యాయులు చేసిన పని మనం మరవరానిది. 1928లో అంజుమన్‌గా ఏర్పడి, సంస్థ బరువు బాధ్యతలను తామే నెత్తికెత్తుకున్నారు. ఇరవై ఏళ్ళ పాటు, నెలకు నూట యాభై రూపాయలకు మించని జీతం మీద పని చేస్తామని మాట ఇచ్చారు. ఆ నూట యాభై కూడా కాగితం మీద మాటే. చేతికి వచ్చింది అంతకంటె చాలా తక్కువ, అదీ నెల నెలా రాదు. మరో వైపు హందర్దానె జామియా పేరుతో ఊరూరా చిన్న చిన్న చందాదారులను కూడగట్టారు. ఒక నవాబు వేసే వేల రూపాయల కంటె వేలమంది వేసే రూపాయే సంస్థను నిలబెడుతుందని వారు లెక్క వేసుకున్నారు. నవాబు కోపం వస్తే ఆ సొమ్ము ఆగుతుంది. వేలమందికి ఒకేసారి కోపం రాదు కదా!

1935లో ఓఖ్లాలో జామియా సొంత భవనానికి పునాదిరాయి వేసినప్పుడు ఏ పెద్దమనిషినీ పిలవలేదు. బడిలో అందరికంటె చిన్న పిల్లవాడి చేత వేయించారు. 1946 నవంబరు రజతోత్సవానికి మాత్రం జవహర్‌లాల్ నెహ్రూ, మౌలానా ఆజాద్ ఒక వైపు, జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ మరో వైపు ఒకే వేదిక మీద కూర్చున్నారు. దేశం మత కల్లోలాలతో అట్టుడుకుతున్న రోజుల్లో ఆ ఇద్దరి గుమ్మమూ తొక్కగలిగింది ఏ పక్షానికీ తాకట్టు పడని సంస్థే.

1948లో జీవితం తిరగబడింది. మౌలానా ఆజాద్ కోరారు, అలీగఢ్ విశ్వవిద్యాలయ కోర్టు ఎన్నుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట వదిలి వచ్చిన చోటికే ఆయన ఉపకులపతిగా వెళ్ళారు. దేశ విభజన తర్వాత అలీగఢ్ మీద అనుమానపు చూపులు పడ్డాయి. ఎందరో అధ్యాపకులు, విద్యార్థులు పాకిస్తాన్ వెళ్ళిపోయారు. అటువంటి సంస్థను సర్కారు సాయం లేకుండా నిలబెట్టడం సాధ్యమయ్యే పని కాదు. సర్కారు సొమ్మును కాదన్న మనిషే సర్కారు సొమ్ముతో విశ్వవిద్యాలయాన్ని బతికించవలసి వచ్చింది. ఇందులో మాట తప్పడం లేదు. అప్పటి సర్కారు పరాయిది, ఇప్పటిది మనం ఓటు వేసి తెచ్చుకునేది. అయితే సొంత సర్కారైనా తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న మాత్రం పోలేదు.

ఆ ప్రశ్నకు జవాబు వెతికిన వారిలోనూ ఆయన ఉన్నారు. 1948-49లో డాక్టర్ రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘంలో జాకిర్ సాహెబు సభ్యులు. ఉన్నత విద్యకు ఖర్చు ప్రభుత్వం భరించాలి గాని, ఏం బోధించాలో ఎలా బోధించాలో శాసించరాదని ఆ సంఘం తేల్చింది. మంత్రి చేతి నుంచి నేరుగా గ్రాంటు రాకుండా మధ్యలో ఒక స్వతంత్ర సంఘం ఉండాలని సిఫారసు చేసింది. 1953లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ ఆ విధంగానే ఏర్పడి, 1956లో చట్టబద్ధమైంది.

మాట ఒకటి, ఆచరణ ఒకటి. ఆయన అలీగఢ్‌లో ఉండగానే, 1951లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. రాజ్యాంగానికి అనుగుణంగా మత బోధన తప్పనిసరి కాకుండా పోయింది. కోర్టులో ముస్లిములే ఉండాలన్న నియమం తొలగింది. ఆయన 1956లో ఆ పదవి విడిచి, మరుసటి ఏడాది బీహారు గవర్నరై, ఆ హోదాలో అక్కడి విశ్వవిద్యాలయాలకు కులపతి అయ్యారు. 1962లో ఉపరాష్ట్రపతి. జామియాకు డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది ఆ ఏడాదే.

1965లో అలీగఢ్‌లో గొడవలు జరిగి ఉపకులపతి మీద దాడి జరిగితే, కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి కోర్టును కేవలం సలహాసంఘం చేసింది. దాని మీద కొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1967 అక్టోబరులో వచ్చిన తీర్పు ఆ విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది ముస్లిములు కాదు, చట్టమేనని చెప్పింది. ముప్ఫై లక్షల చందా ఉన్నా గెలిచింది ఆ కాగితమే. అప్పటికి జాకిర్ సాహెబు రాష్ట్రపతి, ఆ హోదాలో అలీగఢ్‌కు విజిటర్ కూడా. రాష్ట్రపతి పేరు మీద జరిగేది మంత్రివర్గం సలహా ప్రకారమే గనుక ఆ కుర్చీలో ఉండి ఆయన చేయగలిగింది తక్కువ. ఆ తీర్పును సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 8న నలుగురి మెజారిటీతో తోసిపుచ్చింది. చట్టం చేసినంత మాత్రాన స్థాపకులు చెరిగిపోరని చెప్పి, అలీగఢ్ హోదా సంగతి తేల్చడాన్ని మరో ధర్మాసనానికి వదిలింది.

ఇది ఒక్క మన కౌమ్ సమస్య అనుకోరాదు. జాకిర్ సాహెబు పుట్టిన హైదరాబాదులోనే, ఉస్మానియా ఉపకులపతి డి.ఎస్. రెడ్డి గారిని గడువుకు ముందే దింపే వీలు కల్పిస్తూ 1966లో రాష్ట్ర ప్రభుత్వం చట్టంలో ఒక సెక్షను చేర్చింది. ఒక మనిషి కోసం చట్టం చేయడం సమానత్వానికి విరుద్ధమని 1967లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది.

1969 మే 3న జాకిర్ సాహెబు పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆయనను రాష్ట్రపతులకు తగిన మరే చోటా కాక, జామియా ఆవరణలోనే ఖననం చేశారు. ఆ జామియా 1988లో పార్లమెంటు చట్టంతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. గ్రాంటు వద్దని పుట్టింది గ్రాంటుతోనే పెరిగి పెద్దదయింది.

అంచేత సర్కారు సాయం తీసుకోవద్దని మేము అనడం లేదు. ప్రజల పన్ను సొమ్ములో మన పిల్లలకూ వాటా ఉంది, అడిగి తీసుకోవాలి. అయితే సంతకం పెట్టే ముందు మూడు సంగతులు చూసుకోవాలి: డబ్బు ఎవరు ఆపగలరు, పెద్దను ఎవరు నియమిస్తారు, నిబంధనలను ఎవరు మార్చగలరు. ఈ మూడూ ఒకే చేతిలో ఉంటే సంస్థ మీద పేరు మాత్రమే మనది. కనీసం ఒకటైనా మన చేతిలో ఉండాలంటే మన సొంత చందా ఆగకూడదు. ఈసారి మన సభ్యులు రసీదు పుస్తకం పట్టుకొని గుమ్మంలోకి వచ్చినప్పుడు, పది రూపాయలే గదా అని తీసిపారేయకుండా, నూట యాభైకి ఒప్పుకొని అదీ అందని జామియా ఉపాధ్యాయులను ఒక్కసారి తలచుకుందాం.