ఆల్ఫ్రెడ్ చాటర్టన్

సర్ ఆల్ఫ్రెడ్ చాటర్టన్ (1866 - 1958) బ్రిటిషు పాలనాకాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన ఇంజనీరు, సాంకేతిక విద్యావేత్త, పరిశ్రమల శాఖాధికారి. భారతదేశంలో అల్యూమినియం పాత్రల తయారీకి ఆద్యుడుగా ప్రసిద్ధుడు. ఆ కాలంలో తెలుగువారి కోస్తా ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. గుంటూరు జిల్లా 1904లోను, ప్రకాశం జిల్లా 1970లోను ఏర్పడ్డాయి. అంతకుముందు ఈ మైదానాలు ప్రధానంగా కృష్ణా, నెల్లూరు జిల్లాల్లో భాగాలు. కనుక మద్రాసులో చాటర్టన్ చేపట్టిన ప్రయోగాల ఫలితాలు, వాటిపై ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాల పర్యవసానాలు ఈ ప్రాంతపు వృత్తులకు కూడా వర్తించాయి. పరిశ్రమలను ప్రభుత్వమే స్వయంగా నెలకొల్పవచ్చునా అనే వివాదానికి ఈయన జీవితం కేంద్రబిందువు అయింది.

తొలి జీవితం

చాటర్టన్ 1866లో జన్మించాడు. లండన్‌లో ఇంజనీరింగ్ చదివి, 1888లో భారతీయ విద్యా సర్వీసులో చేరి మద్రాసు ఇంజనీరింగ్ కళాశాలలో ఆచార్యుడయ్యాడు. 19వ శతాబ్ది చివరి సంవత్సరాలలో మద్రాసు కళల పాఠశాల బాధ్యత కూడా ఈయనకు లభించింది. ఈ పాఠశాలను 1850లో అలెగ్జాండర్ హంటర్ స్థాపించాడు. చిత్రలేఖనం, శిల్పం వంటి కళలతో పాటు లోహపు పని, కొయ్యపని మొదలైన వృత్తులను కూడా అక్కడ నేర్పేవారు. పాఠశాలలో నేర్చిన పని బజారులో నిలవాలంటే దానిని వ్యాపార పద్ధతిలో చేసి చూపాలని చాటర్టన్ భావించాడు.

అల్యూమినియం పాత్రలు

19వ శతాబ్ది మధ్యకాలంలో అల్యూమినియం వెండి, బంగారాలతో పోల్చదగిన ఖరీదైన లోహం. 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ వేర్వేరుగా విద్యుద్విశ్లేషణ పద్ధతిని కనుగొన్నారు. కొద్దికాలానికే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కార్ల్ బేయర్ బాక్సైటు ఖనిజం నుండి అల్యూమినాను వేరుచేసే పద్ధతిని రూపొందించాడు. దీనితో లోహం ధర వేగంగా పడిపోయింది.

ఈ మార్పును చాటర్టన్ గమనించాడు. 1898లో కళల పాఠశాలలో అల్యూమినియం విభాగాన్ని ప్రారంభించాడు. విదేశాలనుండి తెప్పించిన రేకులతో అక్కడి పనివారు వంటపాత్రలు తయారుచేసేవారు. దక్షిణ భారతదేశంలో చింతపండు పులుసు వాడకం ఎక్కువ. రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పోయకపోతే పులుపు తగిలి చిలుము పట్టి ఆహారం చెడుతుంది. అల్యూమినియానికి కళాయి అవసరం లేదు, బరువు కూడా తక్కువ. అయితే పులుపు అల్యూమినియాన్ని కూడా కొంత కరిగిస్తుంది. అందువలన ఊరగాయలకు జాడీలనే వాడుతూ వచ్చారు.

పాత్రలకు గిరాకీ ఏర్పడి పని లాభసాటిగా మారింది. 1900లో ఏర్పడిన ఇండియన్ అల్యూమినియం కంపెనీ 1903లో ఈ విభాగాన్ని ప్రభుత్వం నుండి తీసుకుంది. 1938లో వేరే యాజమాన్యంతో ఏర్పడిన ఇదే పేరుగల కంపెనీకి దీనితో సంబంధం లేదు. ఆ రెండవ కంపెనీ 1943లో కేరళలోని అలుపురంలో లోహపు ఉత్పత్తిని ప్రారంభించింది. అంటే దేశంలో అల్యూమినియం పాత్రలు తయారైన నాలుగు దశాబ్దాలకు గాని అల్యూమినియం లోహం తయారుకాలేదు.

కంచరులపై ప్రభావం

తెలుగునాట ఈ పాత్రలకు సత్తు గిన్నెలు అని పేరు వచ్చింది. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తి తీతలకు, మిరప కోతలకు వెళ్ళే కూలీలు అన్నం తీసుకుపోవడానికి ఇవి అనువుగా ఉండేవి. ఇత్తడి కొనలేని ఇళ్ళకు కూడా లోహపు పాత్రలు చేరాయి.

ఇందులో నష్టపోయినది కంచరులు, కళాయి పనివారు. వారి వృత్తి అంతా ఇత్తడి, కంచు, రాగి పాత్రల మీద ఆధారపడి ఉండేది. కొన్నవారికి కూడా ఒక లోటు ఉంది. ఇత్తడి బిందెను అవసరానికి తాకట్టు పెట్టవచ్చు, పాతదైతే తూకానికి అమ్మి కొత్తది కొనవచ్చు. కరువులో పేద కుటుంబాలకు అది ఒక ఆస్తి. సొట్టలు పడిన సత్తు గిన్నెకు అటువంటి విలువ దక్కలేదు.

ఇతర ప్రయోగాలు

అల్యూమినియం విజయం తరువాత చాటర్టన్ క్రోమ్ పద్ధతిలో తోళ్ళు పదును చేయడం, ఆయిల్ ఇంజన్లతో నీరు తోడడం వంటి పనులు చేపట్టాడు. ఈ ఇంజన్లు కృష్ణా, గోదావరి డెల్టాల్లోని ధాన్యపు మిల్లులలో కూడా వాడుకలోకి వచ్చాయి. సేలంలో ఈయన నెలకొల్పిన చేనేత కర్మాగారం మాత్రం ఎక్కువకాలం నిలవలేదు. ఒకే కప్పు కింద నియమిత వేళల్లో పనిచేయడానికి నేతగాళ్ళు ఇష్టపడలేదు. చీరాల వంటి కోస్తా ఆంధ్ర నేత కేంద్రాల్లో మాత్రం నేతగాళ్ళు ఇళ్ళలోనే ఉండి, 20వ శతాబ్ది తొలి దశకాల్లో ఫ్లై షటిల్ మగ్గాన్ని స్వీకరించారు.

మార్లే నిర్ణయం

1908లో ఉదకమండలంలో జరిగిన పారిశ్రామిక సదస్సు తరువాత మద్రాసు ప్రభుత్వం పరిశ్రమల శాఖను ఏర్పరచి చాటర్టన్‌ను అధిపతిగా నియమించింది. ప్రభుత్వ ధనంతో తమకు పోటీ కల్పిస్తున్నారని మద్రాసులోని ఐరోపా వర్తకులు ఆక్షేపించారు. 1910 జూలైలో భారత వ్యవహారాల మంత్రి జాన్ మార్లే వారి వాదం వైపు మొగ్గాడు. ప్రభుత్వం సాంకేతిక విద్య నేర్పవచ్చు గాని, వ్యాపారం చేయరాదని ఆదేశించాడు. శాఖ రద్దయి, ప్రభుత్వ కర్మాగారాలు నిలిచిపోయాయి. 1914లో గాని ఆ శాఖ మళ్ళీ ఏర్పడలేదు.

మైసూరు, పారిశ్రామిక కమిషను

1912లో చాటర్టన్ మైసూరు సంస్థానంలో పరిశ్రమలు, వాణిజ్య శాఖ అధిపతిగా చేరాడు. దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య కాలంలో, మార్లే ఆదేశం వర్తించని ఆ సంస్థానంలో, ఈయన తన పద్ధతిని కొనసాగించగలిగాడు. 1916లో బెంగుళూరులో ప్రారంభమైన గంధపు నూనె కర్మాగారం ఈ కాలానిదే. అదే ఏడాది థామస్ హాలండ్ అధ్యక్షతన ఏర్పడిన భారత పారిశ్రామిక కమిషనులో సభ్యుడయ్యాడు. పారిశ్రామికాభివృద్ధిలో ప్రభుత్వం చురుకుగా పాల్గొనాలని ఈ కమిషను 1918లో సిఫారసు చేసింది. ఎనిమిదేళ్ళ క్రితం మద్రాసులో తోసిపుచ్చిన వాదం ఈ విధంగా అధికారికంగా అంగీకారం పొందింది. 1919లో చాటర్టన్‌కు సర్ బిరుదు లభించింది. 1958లో మరణించాడు.

రచనలు, చరిత్రకారుల పరిశీలన

మద్రాసు ప్రెసిడెన్సీలో తోళ్ళ పరిశ్రమపై నివేదిక (1904), భారతదేశ పారిశ్రామిక పరిణామంపై గ్రంథం (1912) ఈయన రచనలలో ముఖ్యమైనవి. తరువాతి కాలంలో క్లైవ్ డ్యూయీ, పద్మినీ స్వామినాథన్, నాసిర్ త్యాబ్జీ మొదలైన పరిశోధకులు ఆనాటి పారిశ్రామిక విధానాన్ని అధ్యయనం చేశారు. చాటర్టన్ కృషిని రెండు విధాలుగా చూడవచ్చు. వలస ప్రభుత్వం అడ్డుపడకపోతే దక్షిణ భారతంలో మరిన్ని పరిశ్రమలు ఏర్పడేవన్నది ఒక దృష్టి. అల్యూమినియం విషయంలో లోహాన్ని తయారుచేసే మూల పరిశ్రమ జోలికి పోలేదు కనుక, దిగుమతి రేకులపై ఆధారపడిన ఆ ప్రయోగం పరిధి మొదటినుండీ పరిమితమేనన్నది మరొకటి.